సోమిదమ్మ చూడని మంచు

తెలుగువాళ్ళలో మంచుకొండలు చూసొద్దామని ముచ్చటపడి బయలుదేరిన మొట్టమొదటి మనిషి ఎవరయ్యా అంటే, నా లెక్కప్రకారం ప్రవరుడు. పదహారో శతాబ్దంలో అల్లసాని పెద్దన రాసిన మనుచరిత్ర కథ మీలో చాలామందికి తెలిసిందే. అరుణాస్పదపురంలో అగ్నిహోత్రం చేసుకుంటూ, వచ్చేపోయే అతిథులకి అన్నం పెట్టి, వాళ్ళ నోట దూరదేశాల కబుర్లు వింటూ కాలం గడిపే గృహస్థు ఆయన. ఒకనాడు ఒక సిద్ధుడు వచ్చి, కాళ్ళకి రాసుకుంటే కోరినచోటికి తీసుకుపోయే పసరు ఒకటి ఇచ్చాడు. ప్రవరుడు దాన్ని రాసుకుని క్షణంలో హిమాలయం మీద వాలాడు. కొండలూ సెలయేళ్ళూ కళ్ళారా చూశాడు. ఇక ఇంటికి పోదామనుకునేసరికి, మంచు తడికి కాళ్ళ పసరు కాస్తా కరిగిపోయింది! దారి తప్పాడు, వరూధిని కంటపడ్డాడు. తర్వాతి కథంతా మనకి పాఠాల్లో చెప్పారు.

పాఠాల్లో చెప్పనిది ఒకటుంది. ఆ ఇంట్లో సోమిదమ్మ అని ఒక ఇల్లాలుంది. అపరాత్రి అతిథి వచ్చినా విసుక్కోకుండా వండి వడ్డించింది ఆవిడే. హిమాలయాల కబుర్లు ఆవిడా వినే ఉంటుంది, వంటింటి గుమ్మానికి ఆనుకుని. పసరు చేతులు మారేటప్పుడు "ఆవిడ కాళ్ళకి కూడా ఇంత" అన్న ఆలోచన ఆ ఇద్దరు మగవాళ్ళలో ఒక్కరికీ వచ్చినట్టు కనబడదు. పోనీ వెళ్ళాయనైనా జాగ్రత్తగా వెళ్ళాడా అంటే, పోయే దారి చూసుకున్నాడు గాని తిరిగొచ్చే దారి చూసుకోలేదు.

నేనీ కథని హాస్యానికి ఎత్తుకోలేదు. కొండలకి విహారం వెళ్ళడమనే అలవాటుకి ఒక చరిత్ర ఉంది. ఆ చరిత్ర అంతా ఈ రెండు ప్రశ్నల చుట్టూనే తిరుగుతుంది. ఎక్కడికి వెళ్ళాలో ఎవరు నిర్ణయించారు? తిరుగుదారి చూసుకున్నారా?

ఈ ప్రశ్నలు ఇప్పుడు నా నెత్తిన పడడానికి కారణం మా ముగ్గురు ఆడవాళ్ళు. సూర్యాపేటలో ఉన్న మా పిన్ని కూతురు, కోదాడలో ఉన్న మా వదినగారు, మిర్యాలగూడలో రైసుమిల్లు లెక్కలు చూసుకునే నా చిన్నప్పటి స్నేహితురాలు. ముగ్గురూ కలిసి, ఈ చలికాలం మంచు పడే చోటుకి పోవాలని, వీలైతే చెక్కలు కట్టుకుని మంచు మీద జారే ఆ స్కీయింగు కూడా ఓ చేయి, కాదు ఓ కాలు, చూడాలని తీర్మానించారు. "నువ్వు పుస్తకాలు రాస్తావు గదా, ఏ ఊరైతే బాగుంటుందో నువ్వే చెప్పు" అని ఆ ఎంచుకునే పని నాకు అప్పజెప్పారు.

అసలు మావైపు వాళ్ళు చలికాలంలో ప్రయాణం తలపెట్టడమే ఒక విశేషం. 1967 ఆగస్టులో నాగార్జునసాగరు కాలవలకి నీళ్ళు వదిలారు. అప్పట్నించి ఎడమకాలవ కింద మాగాణి పెరిగింది, మిర్యాలగూడ చుట్టూ రైసుమిల్లులు లేచాయి. వానాకాలం వరి కోతకొచ్చి, వడ్లు మిల్లులకి చేరేది సరిగ్గా కార్తీక మార్గశిరాల్లోనే. ఆ రోజుల్లో మిల్లుదారు భార్య "ఎక్కడికైనా పోదామా" అని అడిగితే వచ్చే జవాబు ఒక్కటే: "సీజను అయిపోనీ." సీజను అయిపోయేసరికి సంక్రాంతి, సంక్రాంతి అయ్యేసరికి పిల్లల పరీక్షలు, పరీక్షలయ్యేసరికి మే నెల ఎండ. అంచేత మావాళ్ళ విహారయాత్రలంటే వేసవిలో ఊటీ, కొడైకెనాలే. కొండ అంటే ఎండ తప్పించుకునే చోటు అని మా మనసుల్లో ముద్రపడిపోయింది.

ఆ ముద్ర వేసింది మన పెద్దవాళ్ళు కాదు, దొరలు. మన పెద్దవాళ్ళకి కొండ అంటే రెండే అర్థాలు: దేవుడు, లేకపోతే ఆస్పత్రి. యాదగిరిగుట్టకి మొక్కు తీర్చుకోవడానికి వెళ్ళేవాళ్ళు, వికారాబాదు దగ్గర అనంతగిరికి క్షయరోగం నయం చేసుకోవడానికి వెళ్ళేవాళ్ళు. చల్లగాలి కోసం సామాన్లు సర్దుకుని కొండెక్కడం ఇంగ్లీషువాళ్ళు నేర్పిన విద్య. మదనపల్లె దగ్గర హార్సిలీకొండ చూడండి. దాని అసలు పేరు ఏనుగు మల్లమ్మ కొండ. ఏనుగుల మధ్య పెరిగిందని చెప్పుకునే ఒక పిల్ల పేరు. పందొమ్మిదో శతాబ్దంలో కడప కలెక్టరు హార్సిలీ దొర అక్కడ వేసవికి ఇల్లు కట్టుకున్నాడు. అంతే, మల్లమ్మ పోయి హార్సిలీ మిగిలాడు. మద్రాసు గవర్నమెంటు ఊటీకీ, భారతదేశపు గవర్నమెంటు సిమ్లాకీ వేసవిలో కాగితాలతో సహా తరలిపోయేవి. సిమ్లాని అధికారికంగా వేసవి రాజధానిగా నిర్ణయించింది 1864లో, వైస్రాయి జాన్ లారెన్సు. అప్పటి రాజధాని కలకత్తా. అక్కణ్ణించి వెయ్యిమైళ్ళు పైచిలుకు ప్రయాణం! చలి ముదరగానే మళ్ళీ మందీ మార్బలంతో కిందికి దిగిపోవడం. మంచు పడే రోజుల్లో ఆ ఊళ్ళో మిగిలేది కూలీలూ, కాపలావాళ్ళూ, చిల్లరకొట్లవాళ్ళూ.

విచిత్రమేమిటంటే, సరిగ్గా అదే 1864లో స్విట్జర్లాండులో దీనికి తలకిందులైన సంగతి జరిగింది. సెంట్ మోరిట్జ్ అనే కొండ ఊళ్ళో యోహనెస్ బాద్రుట్ అనే హోటలాయన ఉండేవాడు. వేసవి అయిపోయి ఇంగ్లీషు అతిథులు మూటాముల్లె సర్దుకుంటుంటే ఆయన వాళ్ళతో పందెం కాశాడని చెప్పుకుంటారు. "చలికాలంలో ఒకసారి రండి. మా ఊళ్ళో ఎండ కాయకపోతే మీ ప్రయాణం ఖర్చులు నేనిచ్చుకుంటాను" అన్నాడట. వాళ్ళు క్రిస్మసుకి వచ్చి, నీలాకాశం కింద మెరిసే మంచు చూసి, ఈస్టరు దాకా కదల్లేదట. చలికాలపు విహారానికి ఆ ఊరు పుట్టినిల్లయింది అక్కణ్ణించే. ఒకే జాతివాళ్ళు, ఒకే సంవత్సరం. ఇక్కడ మంచు వస్తోందని కొండ దిగారు, అక్కడ మంచు కోసం కొండెక్కారు!

స్కీయింగు మాత్రం వాళ్ళు కనిపెట్టింది కాదు. నార్వే, స్వీడను దేశాల్లో మంచులో కాళ్ళు కూరుకుపోకుండా వేటకీ, కట్టెలకీ తిరగడానికి జనం వేల ఏళ్ళ కిందటే కాళ్ళకి చెక్కలు కట్టుకున్నారు. స్కీ అన్న మాటకి ఆ పాతభాషలో అర్థం చీల్చిన చెక్క. మన పొలంలో నాగలి ఎంతో, వాళ్ళ మంచులో స్కీ అంత. పందొమ్మిదో శతాబ్దంలో నార్వేలోని టెలిమార్కు ప్రాంతంలో సోండ్రే నార్‌హైమ్ అనే ఒక పేదరైతు, మడమ చుట్టూ కూడా పట్టీ బిగించి, కొండ మీంచి దిగుతూ ఎటు కావాలంటే అటు తిరగొచ్చని చూపించాడు. అంతకుముందు నడక సాధనంగా ఉన్న చెక్క ఆ తర్వాత ఆటవస్తువైంది. 1924లో ఫ్రాన్సులోని షమోనీలో తొలి శీతాకాలపు ఒలింపిక్సు జరిగే నాటికి యూరపులో ఆ ఆట బాగా పాతుకుపోయింది.

మన దేశానికి ఆ ఆట కాశ్మీరులోని గుల్మార్గు ద్వారా వచ్చింది. అక్కడ 1927లో ఇద్దరు బ్రిటిషు సైనికాధికారులు స్కీ క్లబ్ ఆఫ్ ఇండియా పెట్టారు. అంటే మన దేశంలో మంచు కోసం కొండెక్కడమనే సరదాకి ఇంకా గట్టిగా నూరేళ్ళే. ఇంత చిన్న చరిత్ర అయినా, గుల్మార్గు అనగానే మా సూర్యాపేట చెల్లెలి కళ్ళు వెలిగిపోయాయి.

"అక్కా, ఇంకో మాట లేదు, గుల్మార్గే! మా అమ్మ షమ్మీకపూర్ సినిమాల కథలు చెప్పీ చెప్పీ పిచ్చెక్కించింది" అంది.

ఆ పిచ్చి వాళ్ళమ్మది ఒక్కదానిదే కాదు. 1961లో జంగ్లీ సినిమాలో ఆయన మంచులో దొర్లినప్పటినుంచీ, మంచు అంటే కేకలు వేసుకుంటూ జారవలసిన వస్తువని దేశమంతా నమ్మింది. 1973లో బాబీ సినిమా తీసిన గుడిసె అని గుల్మార్గులో ఇప్పటికీ చూపిస్తారు. మన తెలుగు ఆడవాళ్ళకి కాశ్మీరుని సినిమాలకంటే నిదానంగా చూపించిన పుస్తకం కూడా ఒకటుంది, నాయని కృష్ణకుమారిగారి యాత్రాగ్రంథం కాశ్మీర దీపకళిక. సోమిదమ్మ వారసురాళ్ళలో ఒకావిడ వెళ్ళి, చూసి, వచ్చి రాసిన పుస్తకమది.

గుల్మార్గు ఎత్తు సుమారు 8,700 అడుగులు. అక్కణ్ణించి తీగమీద నడిచే పెట్టెలబండి, దాన్ని గొండోలా అంటారు, 1998లో కొంగ్‌డూరి దాకా, 2005లో ఇంకా పైకి అఫర్వతు కొండ దాకా, అంటే సుమారు 13,000 అడుగుల ఎత్తుకి, నడపడం మొదలైంది. కింది మట్టసమైన మైదానం కొత్తవాళ్ళకి, పై వాలు ఆరితేరినవాళ్ళకి. ఆ పక్కనే తంగ్‌మార్గు ప్రాంతంలో పుట్టిపెరిగిన ఆరిఫ్ ఖాన్ 2022లో బీజింగు శీతాకాలపు ఒలింపిక్సుకి మన దేశం తరఫున వెళ్ళిన ఒకే ఒక్క క్రీడాకారుడు. ప్రయాణం కూడా ఇదివరకంత కష్టం కాదు. 2025 జూన్‌లో, చీనాబు నది మీద 359 మీటర్ల ఎత్తున కట్టిన వంతెన దాటుకుంటూ, కాత్రా నుంచి శ్రీనగరుకి రైలు నడిచింది.

ఇంత బాగుంటే ఇక ఆలోచన ఎందుకు? ఎందుకంటే, ఆ రైలు నడవడానికి నెలన్నర ముందే, 2025 ఏప్రిల్ 22న, పహల్గాంలో విహారానికి వెళ్ళిన వాళ్ళ మీద కాల్పులు జరిపారు. 26 మంది ప్రాణాలు పోయాయి. భార్యల కళ్ళెదుట భర్తలు కూలిపోయిన ఆ వార్త చదివిన మా ఇంటి మగవాళ్ళు కాశ్మీరు పేరెత్తితే ఒప్పుకోవడం లేదు. వాళ్ళ భయాన్ని నేను తేలిగ్గా కొట్టిపారెయ్యను. ఆ ఊళ్ళలో గుర్రాలు నడిపేవాళ్ళూ, శాలువలు అమ్మేవాళ్ళూ మన రాకమీదే బతుకుతున్నారన్న సంగతీ మరిచిపోలేను.

రెండోది మంచు సంగతి. కాశ్మీరులో చలికాలాన్ని మూడు ముక్కలుగా లెక్కపెడతారు. డిసెంబరు 21 నుంచి నలభై రోజులు చిల్లై కలాన్, పెద్ద చలి. ఆపైన ఇరవై రోజులు చిన్న చలి, ఆపైన పదిరోజులు పసిచలి. మన ధనుర్మాసంలాగే దానికీ ఒక కట్టడి, ఒక నమ్మకం. పెద్దచలిలో పడిన మంచే గట్టిపడి నిలుస్తుంది, వేసవిలో వాగులకి నీళ్ళిస్తుంది. ఆలస్యంగా పడిన మంచు త్వరగా కరిగిపోతుంది. అటువంటిది 2024 జనవరిలో గుల్మార్గు మైదానం గోధుమరంగు గడ్డితో బోసిగా మిగిలింది. ఫిబ్రవరి మొదట్లో జరగాల్సిన ఖేలో ఇండియా శీతాకాలపు పోటీలు ఆ నెల మూడోవారానికి జరిగాయి. 2025లోనూ మంచు చాలక ఫిబ్రవరి పోటీలని మార్చికి జరిపారు. పడినప్పుడు మరీ ఎక్కువ పడినా ప్రమాదమే. 2024 ఫిబ్రవరిలో గుల్మార్గు ఎగువన మంచుచరియ విరిగిపడి ఒక రష్యను యాత్రికుడు మరణించాడు. గుర్తులు పెట్టిన వాలు దాటి పోవద్దని అక్కడివాళ్ళు చెబితే, మాట వినడమే మంచిది.

"గుల్మార్గూ వద్దు, సినిమా పిచ్చీ వద్దు. ఔలీ పోదాం. అట్ల స్వామి దర్శనం కూడ అయితది" అన్నారు మా కోదాడ వదినగారు.

ఆవిడ ఎంపికలో ఒక న్యాయం ఉంది. ఔలీ ఉన్నది ఉత్తరాఖండులో, బదరీనాథ్ దారిలోని జోషీమఠం పైన. జోషీమఠంలో నరసింహస్వామి ఆలయం ఉంది. బదరీ ఆలయం మంచుకి మూసేసిన నెలల్లో స్వామివారి సంప్రదాయపు పూజలు కిందికి దిగివచ్చేది ఈ చుట్టుపక్కలకే. మాది నరసింహుడి జిల్లా. గుట్ట మీద ఆయనే, మట్టపల్లిలో కృష్ణ ఒడ్డున ఆయనే, వాడపల్లిలో మూసీ కృష్ణలో కలిసేచోటా ఆయనే. ఆరువేల అడుగుల పైచిలుకు ఎత్తున మంచులోనూ ఆయనే ఎదురొస్తాడంటే వదినగారి కాళ్ళు ఆగుతాయా!

ఔలీ పచ్చిక వాలుని స్కీయింగుకి ముందు వాడుకున్నది సరిహద్దు కాపలా సైన్యం. ఐటీబీపీ వాళ్ళ పర్వతారోహణ, స్కీయింగు శిక్షణసంస్థ అక్కడ 1973 నుంచీ ఉంది. 1993లో జోషీమఠం నుంచి ఔలీకి సుమారు నాలుగు కిలోమీటర్ల తీగమార్గం వేశారు. 2011లో దక్షిణాసియా శీతాకాలపు క్రీడలు అక్కడ జరిగాయి. వాలు మీద నిలబడితే ఎదురుగా 7,816 మీటర్ల నందాదేవి శిఖరం. దేశంలో కొత్తగా నేర్చుకునేవాళ్ళకి ఔలీ వాలంత అనువైనది లేదని చెప్పేవాళ్ళున్నారు.

కాని ఆ అందం నిలబడింది ఎటువంటి నేలమీద? జోషీమఠం పాతకాలంలో విరిగిపడిన కొండచరియల మట్టిదిబ్బ మీద కట్టిన ఊరని, అక్కడ బరువైన నిర్మాణాలు తగవని 1976లోనే మిశ్రా కమిటీ హెచ్చరించింది. ఆ హెచ్చరిక కాగితం మీదే ఉండిపోయింది. 2021 ఫిబ్రవరి 7న ఆ ఊరికి దగ్గరలోనే రిషిగంగ ముంచెత్తి, తపోవనం దగ్గర కరెంటు ప్రాజెక్టుల్లో పనిచేస్తున్నవాళ్ళతో సహా సుమారు రెండువందలమంది బలయ్యారు. 2023 జనవరిలో జోషీమఠంలో ఎనిమిదివందలకు పైగా ఇళ్ళకీ కట్టడాలకీ బీటలు వచ్చాయి. తీగమార్గం ఆగింది. పక్కింటి ఆవిడలాంటి ఆడవాళ్ళు, చలిలో, వంటసామాన్లు నెత్తిన పెట్టుకుని బడుల్లో తలదాచుకున్నారు.

ఈ సంగతి చెప్పేసరికి వదినగారు చాలాసేపు మాట్లాడలేదు. "పోతే దండం పెట్టుకొని, ఒక్క రాత్రి ఉండి రావాలె గాని, ఆ నేల మీద గంతులేయొద్దు" అన్నారు చివరికి. నాకు ఆ మాట కమిటీ నివేదిక కంటే సూటిగా అనిపించింది.

ఇక మిర్యాలగూడ స్నేహితురాలు. లెక్కలు రాసే చెయ్యి గదా, మొదటినుంచీ దానిది ఒకటే పాట. "మనాలీ పోదామే. అక్కణ్ణించి సోలంగు ఒక గంట. కోట్లూ బూట్లూ దారిలోనే అద్దెకిస్తరు. కొనుక్కొచ్చి బీరువాల పెట్టుకుంటె సూర్యాపేట ఎండల ఏం చేసుకుంటం?"

మనాలీ అనగానే మన తరం ఆడవాళ్ళకి గుర్తురావలసింది 1992లో వచ్చిన రోజా. భర్తకోసం మంచుకొండల్లో వెతుక్కుంటూ తిరిగిన ఆ అమ్మాయిని చూసి, అది కాశ్మీరనుకుని ఏడ్చాం. కాశ్మీరు పరిస్థితులు బాగాలేక ఆ మంచుదృశ్యాలు తీసింది మనాలీ ప్రాంతంలో. అంటే మనం ముప్ఫైఏళ్ళుగా మనసులో దాచుకున్న మంచు సోలంగు పక్క మంచే!

మనాలీలో 1961లోనే పర్వతారోహణ సంస్థ పెట్టారు. ఇప్పుడు దానికి అటల్ బిహారీ వాజపేయి పేరుంది. అక్కడ స్కీయింగు కోర్సులు నేర్పుతారు. ఆ చుట్టుపక్కల బురువా గ్రామానికి చెందిన ఆంచల్ ఠాకూర్ 2018 జనవరిలో టర్కీలో జరిగిన అంతర్జాతీయ పోటీలో కాంస్యపతకం తెచ్చింది. స్కీయింగులో మన దేశానికి అంతర్జాతీయ పతకం అదే మొదటిది. తెచ్చింది ఆడపిల్ల. ఆ మాట చెప్పినప్పుడు మా చెల్లెలు షమ్మీకపూర్‌ని కాస్త పక్కన పెట్టింది.

"ఆమె కొండల్లో పుట్టిందక్కా. మనకి అవుతుందా?" అని మాత్రం అడిగింది. దానికి జవాబు మా ఉమ్మడి నల్గొండ జిల్లాలోనే ఉంది. నిజామాబాదు వైపు పాకాల గ్రామంలో పుట్టిన మాలావత్ పూర్ణ కొండెక్కడం నేర్చుకున్నది భువనగిరి ఖిల్లా బండమీద. ఎండకి పెనంలా కాలే ఆ ఏకశిల మీద మొదలుపెట్టి, డార్జిలింగు, లడఖు చలిలో రాటుదేలి, 2014 మే 25న, పద్నాలుగేళ్ళు కూడా నిండకుండానే ఎవరెస్టు ఎక్కింది. ఎక్కడంతోనే కథ అయిపోలేదు, క్షేమంగా దిగివచ్చింది. 2022 నాటికి ఏడు ఖండాల ఎత్తైన శిఖరాలూ ఎక్కి దిగింది. ప్రవరుడికి తెలియని విద్య ఇదే.

స్కీయింగులోనూ మొట్టమొదట నేర్పేది వేగం కాదట, ఆగడం. రెండు చెక్కల ముందుకొసలు దగ్గరికి చేర్చి, మడమలు ఎడంగా తోసి, ముగ్గుపిండితో వేసిన బాణం గుర్తులా నిలబడితే చెక్కలు మంచుని గీసుకుని ఆగుతాయి. ఆ తర్వాత పక్కకి ఒరిగి దెబ్బతగలకుండా పడడం నేర్పుతారు. ఆపైన లేవడం. జారడం చివర్న. నలభై దాటిన ఆడవాళ్ళకి ఈ వరస కొత్తేమీ కాదు గదా!

ఇంతకీ నా ఓటు సోలంగుకే పడింది. సొరంగం దానికి అసలు కారణం. మనాలీ పైన రోహ్తాంగు కనుమ 13,000 అడుగుల ఎత్తు. దానికి అవతల లాహౌల్ లోయ. ప్రతి ఏడూ మంచు పడగానే ఆ కనుమ మూసుకుపోయి, లాహౌల్ జనం ఆర్నెల్లపాటు లోకానికి దూరమైపోయేవాళ్ళు. పురుడొచ్చినా, గుండెనొప్పి వచ్చినా దారి లేదు. మనకి మంచు వినోదం. వాళ్ళకి మంచు అంటే తాళం వేసిన తలుపు. 2020 అక్టోబరు 3న ఆ కొండ కిందుగా 9 కిలోమీటర్ల అటల్ సొరంగం తెరిచారు. ఆ తాళం తీసింది సైన్యం కోసం, ఆ ఊళ్ళ జనం కోసం. మన విహారం వాళ్ళ వెనక వచ్చింది. సోలంగులో మంచు పలచగా ఉంటే సొరంగం దాటి సిస్సు వైపు చూడొచ్చు. సాయంత్రానికి మనాలీ చేరుకోవచ్చు. తిరుగుదారి ఉన్న మంచు ఇది.

దీనికీ లోపాలు లేవని కాదు. 2023 జులైలో బియాస్ నది పొంగి కులూ మనాలీ రోడ్డుని ముక్కలు చేసింది. వానాకాలంలో ఆ దారి నమ్మదగ్గది కాదు. సంక్రాంతి సెలవుల్లో వెళితే రోడ్డంతా బళ్ళు. పైగా మనం పండుగ సెలవని బయలుదేరే రోజునే అక్కడ మరో నియమం మొదలవుతుంది. మనాలీ దగ్గర గోషాల్ మొదలైన తొమ్మిది గ్రామాల్లో మకరసంక్రాంతి నుంచి 42 రోజులు మౌనం పాటిస్తారు. దేవతలు స్వర్గానికి వెళ్ళారని, వాళ్ళకి చప్పుడు వినిపించకూడదని నమ్మకం. గుడి తలుపులు మూస్తారు, టీవీలు కట్టేస్తారు, పొలం పని చెయ్యరు. మన పల్లెల్లో గంగిరెద్దుల సన్నాయి మోగే వేళకి అక్కడ ఊళ్ళకి ఊళ్ళే గొంతు తగ్గించుకుంటాయి. అటువంటి చోట కారు తలుపులు తీసి పాటలు మోగించడం, పెళ్ళివారింట్లో విస్తరి తన్నడం లాంటిది.

"ఇంత దూరం, ఇంత ఖర్చు ఎందుకు, మన లంబసింగి చాలదా?" అని మీలో కొందరు అడగొచ్చు. విశాఖ మన్యంలో మూడువేల అడుగుల ఎత్తున్న ఆ ఊళ్ళో డిసెంబరు తెల్లవారుజామున గడ్డిమీద మంచుబిందువులు గడ్డకట్టిన రోజులున్నాయి. స్థానికులు కొర్రబయలు అంటారు. బయట పడుకుంటే కొయ్యబారిపోతారని అర్థం చెబుతారు. చలి చూడాలంటే లంబసింగి ఎంతైనా చాలు. మంచు మీద నిలబడి, పడి, లేవాలంటే మాత్రం చాలదు. ఒక్కసారి, ఒక్కసారికే, మా ముగ్గురికీ అది కావాలి.

ముహూర్తం ఫిబ్రవరి ఆఖరివారం. మౌనవ్రతం గడువు తీరేవేళ. సంక్రాంతి రద్దీ ఉండదు, మంచు ఆలస్యంగా వచ్చినా అప్పటికి వచ్చే ఉంటుంది. సూర్యాపేటకీ కోదాడకీ రైలుస్టేషను లేదు గనక ఆ ఇద్దరూ బస్సులో, మిర్యాలగూడ ఆవిడ రైల్లో, హైదరాబాదు చేరతారు. అక్కణ్ణించి ఢిల్లీకి రైలు, ఢిల్లీనుంచి రాత్రి బస్సు. మంచు పడకపోతే పడలేదని, దేవదారు చెట్లూ ఆపిల్ తోటలూ చూసి రావాలని ముందే ఒప్పందం. ఎందుకంటే మంచు ఇదివరకటిలా ఏటేటా లెక్కకి వచ్చే చుట్టం కాదు. అది మన కోసం పడదు. పడితే ముందు ఆ లోయల వాగులకి, తోటలకి, ఆ ఊళ్ళ బావులకి.

మా చెల్లెలు బడికి సెలవు పెట్టింది. వదినగారు మట్టపల్లి స్వామికి ముందుగానే మొక్కుకున్నారు. స్నేహితురాలి భర్తగారు "సీజను అయినంక అందరం పోదాం తియ్" అన్నారట. అది తలెత్తకుండా లెక్కల పుస్తకం మూసి, "మీ సీజను మీరు చూసుకోండి, వచ్చే రైలు టిక్కెట్టు కూడా తీసుకున్న" అందట.